ఆపేసిన ఎరుపు

కణజాల ఇంజనీరు పెంచిన మృదులాస్థి ముక్క చూపులకు ముచ్చటగానే ఉంది. అరిగిపోయిన మోకాలి కీలులో మెత్తగా ఒదగడానికి, రోగి కణాలనే తీసుకుని, అచ్చులో పోసి, కంటికి రెప్పలా కాచి పెంచినది. అయినా పైకి నిగనిగలాడే కాయ లోపల పుచ్చి ఉండవచ్చునన్న అనుమానంతో, అదే అచ్చులో పెరిగిన జంట ముక్కను ఆమె అడ్డంగా కోసి, రంగులద్ది, సూక్ష్మదర్శిని కింద ఉంచింది. ఆ రంగుల్లో బతికి ఉన్న కణం పచ్చగా, చచ్చిన కణం ఎర్రగా వెలుగుతుంది. అంచు పొడవునా పచ్చదనమే. నడుమ అంతా ఎరుపు. ముక్క మందమై, పోషకద్రవం లోపలికి అందక, నడిమి కణాలు ఆకలితో చచ్చాయి.

పరిశోధనశాల పెద్దాయన ఆ బొమ్మ కనిపించే తెర ముందు కూర్చుని చాలాసేపు చూశాడు. తరువాత మౌస్ అందుకుని ఎర్ర రంగును ఆపేశాడు. నడిమి శవాలన్నీ చీకట్లో కలిసిపోయాయి. మిగిలిన పచ్చటి అంచును పెద్దది చేసి, ఆ బొమ్మనే ఇలాంటి చికిత్సలకు ఒప్పుదల ఇచ్చే అనుమతి సంఘానికి పంపమన్నాడు.

పల్చగా మళ్లీ పెంచుదామని, కొన్ని నెలలు ఓపిక పడితే చాలునని ఆమె బతిమాలింది. ఈలోగా పోటీవాళ్లు ముందుకుపోతారని ఆయన విసుక్కున్నాడు.

"లోపలేముందో ఎవరు చూడొచ్చారమ్మా? మోకాలు కోసి చూస్తారా?"

"పెట్టించుకునే ఆవిడ రోజూ దానిమీద నడవాలి సార్."

"హరిశ్చంద్రుడి ఆడపడుచులా మాట్లాడకు. పంపించు."

చూసింది చూసినట్టు చెప్పమని ఆమెకు నేర్పినవాడు ఈయనే. ఆ నోట ఈ మాట విని ఆమెకు ఒళ్లు మండిపోయింది. చదువు పెరిగినకొద్దీ సిగ్గు తరగాలని ఏ శాస్త్రంలో ఉంది?

ఆమె బొమ్మ పంపలేదు. తిన్నగా ఆసుపత్రి వరండాకు వెళ్లింది. ఆ ముక్క పెట్టించుకోవలసిన కుట్టుపని ఆవిడ అక్కడ కాలు చాపుకుని కూర్చుని ఉంది. తొక్కుడు మెషిన్ మీద సంసారాన్ని ఈదుతూ మోకాలు అరగదీసుకున్న మనిషి. ఇంజనీరు ఫోనులో రెండు బొమ్మలూ పక్కపక్కన చూపి, దేని అర్థమేమిటో విడమరిచి చెప్పింది.

"మీ సారుకి తెలుసా ఇది?"

"తెలుసక్కా."

"అయితే ముందు ఆయన మోకాలికి పెట్టించుకోమను." ఆవిడ నవ్వబోయి మానేసింది. "మరి నా కాలు?"

"మిగిలిన మీ కణాలతో పల్చటి ముక్క మొదలుపెట్టాను. ఆగగలరా?"

"నొప్పి పాతచుట్టమేలే. ఆగుతాను."

ఆవిడ ఆపరేషనుకు ఒప్పుకోనని డాక్టరు ముఖం మీదే చెప్పేసింది. ఇంజనీరు ఎరుపు కనిపించే అసలు బొమ్మను అనుమతి సంఘం చేతికిచ్చి వచ్చింది. మర్నాడు ఉదయం ఆమె గుర్తింపు కార్డుకు పరిశోధనశాల తలుపు తెరుచుకోలేదు. అద్దంలోంచి చూస్తే పెద్దాయన వీపు తిప్పి నిలబడ్డాడు. లోపల వెచ్చటి పెట్టెలో కుట్టుపని ఆవిడ కణాలు ఇంకా బతికే ఉన్నాయి. వాటికి పోషకద్రవం మార్చే వేళయింది.

ఆమె పిడికిలి బిగించి తలుపు బాదడం మొదలుపెట్టింది.