నౌషాద్ కూసిన అంకె

నమ్మనోళ్లు ఇప్పుడే లేచి చెప్పులేసుకోవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. ఒక్క మాట మాత్రం విని పోండి. హిందూపురం నుంచి పెనుకొండ మీదుగా ధర్మవరం దాకా ఈ సంగతిని కాదన్న మనిషి ఇంకా పుట్టలేదు. ఒకవేళ పుట్టినా, చింతపండు మార్కెట్టు గేటు దాటేసరికి వాడి నోరు దానంతటదే మూతపడుతుంది.

ఆ మార్కెట్టులో నౌషాద్ కాటా వేసే మనిషి. పొద్దున్నే కాటా తుడవడం, గోడకానుకుని టీ తాగడం, మొదటి బస్తా ఎక్కించడం. అతని తూకమంటే మామూలు తూకమా! బస్తా మీద ఈగ వాలితే ముల్లు కదిలేది. ఆ ఈగ తన ఇష్టంతో లేచిపోయేదాకా అతను అంకె చెప్పేవాడు కాదు. అమ్మే రైతు ఒక పక్క, కొనే సేటు ఒక పక్క నిలబడితే గొంతెత్తి సాగదీసి కూసేవాడు. ఒకసారి అతను "నలభై రెండూ..." అంటే ఆ కూత స్టేషను దాకా పోయి, గూడ్సు బండి గార్డు ఉలిక్కిపడి తన పుస్తకంలో నలభై రెండు అని రాసుకున్నాడు. నౌషాద్ కూసిన అంకెను మళ్లీ ఎవరూ తూచి చూసేవాళ్లు కాదు. బస్తాలు కూడా అతని మాటకు కట్టుబడి ఉండేవి.

అటువంటి మనిషి చేసిన తప్పు ఇది.

కూతురు ఫరీన్‌కు ఐదేళ్లు నిండిన ఎండాకాలం. పిల్లకు బెంగళూరు చూపిద్దామని నౌషాద్, భార్య మహజబీన్‌ను, చంకలోని కొడుకు తన్వీర్‌ను కూడా తీసుకుని రైలెక్కాడు. చిత్రాన్నం డబ్బా, నీళ్ల బాటిళ్లు, చిన్నోడి బట్టల సంచి. లాల్‌బాగ్ చూశారు, బెలూను కొన్నారు, అది పగిలితే ఇంకొకటి కొన్నారు. సాయంత్రం ఒక పెద్ద పార్కులో పిల్లల రైలు దగ్గరికి వచ్చారు. ఐదేళ్లలోపు పిల్లలకు టికెట్టు లేదని బోర్డు. కిటికీలోని మనిషి పాప వయసు అడిగాడు.

నౌషాద్ జేబులో డబ్బు లేక కాదు. అదొక అలవాటు. హిందూపురంలో రైలెక్కిన ఏ పిల్లకైనా ఐదు నిండాయని రైల్వేవాళ్లకు ఇప్పటికీ తెలియదు. నౌషాద్ కూడా అందరిలాగే నాలుగన్నాడు. నాయన తప్పు చెప్పాడనుకుని సరిచేయబోయిన ఫరీన్ చేతిని మెల్లగా నొక్కాడు. ఆ గోలలో కిటికీలోని మనిషికి వినబడలేదు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని మళ్లీ అడిగాడు. అప్పుడు నౌషాద్, అలవాటైన గొంతు అలవాటుగా లేచి, మార్కెట్టులో కూసినట్టే కూశాడు.

"నాలుగూ..."

పార్కులో పావురాలన్నీ లేచిపోయాయి. ఫరీన్ చేతి గాజులు వదులై మోచేతి దాకా జారాయి.

అంతే. ఆ పిల్లకు ఇక ఐదు రాలేదు.

మార్కెట్టువాళ్లకు ఒక మొక్కు ఉంది. ఏటా చింతపండు కాలం అయిపోగానే పిల్లల్ని కాటా మీద కూర్చోబెట్టి, వాళ్ల బరువుకు సరిపడా బెల్లం పెనుకొండ బాబయ్య దర్గాలో పంచుతారు. మరుసటి ఏడు ఫరీన్‌ను కూర్చోబెడితే ముల్లు పోయినేడు ఆగిన చోటే ఆగింది. ఆ పై ఏడూ అంతే. దర్గాలో బెల్లం తీసుకునేవాళ్లు ఈ పిల్ల బెల్లం పెరగదులే అనుకుని పక్కపిల్లల వరసలోకి జరిగేవాళ్లు. బడిలో టీచరమ్మ ఏటా అదే చిన్న కుర్చీ వేసేది. ధర్మవరంలో పట్టు నేసే అవ్వ బుడన్‌బీ మాత్రం, రంజానుకు మనవరాలి అసలు వయసు లెక్కపెట్టుకుని ఏడాదికొక సైజు పెద్ద పావడా కుట్టి పంపేది. అవి మడత విప్పకుండా ట్రంకుపెట్టెలో ఒకదాని మీద ఒకటి చేరాయి. పెట్టె మూత వేసేటప్పుడు మహజబీన్ భర్త వైపు చూసేది కాదు. ఆ చూడకపోవడం నౌషాద్‌కు క్వింటాలు బరువు.

తప్పు చేసిన నాయన ఎన్ని ఊర్లు చూపిస్తాడో నౌషాద్‌ను చూసి తెలుసుకోవాలి. సెలవు దొరికితే బెంగళూరే. జూలో ఏనుగు ఇతన్ని గుర్తుపట్టి తొండమెత్తేది. చేపల అద్దాల దగ్గర, పూల ప్రదర్శనలో, బొమ్మల దుకాణంలో ఫరీన్ వేలెత్తి చూపకముందే కొనేసేవాడు. పిల్లల రైలు ఉన్న పార్కు వైపు మాత్రం పోయేవాడు కాదు. తన్వీర్ వయసు అడిగితే భయపడి ఒక ఏడు ఎక్కువే చెప్పేవాడు. వాడందుకే తాటిచెట్టులా సాగాడు. ఎక్కడికి పోయినా ఆటల దగ్గర ఎత్తు కొలిచే గీత ఒకటుంటుంది. తన్వీర్ గీత దాటి పైకి పోయేవాడు. ఫరీన్ కింద నిలబడి తమ్ముడి చెప్పులు పట్టుకునేది.

పోయిన ఎండాకాలం అట్లాంటి ఒక ఆట దగ్గరే తన్వీర్ అక్కను రెండు చేతులా ఎత్తి బెంచీ మీద కూర్చోబెట్టి, కదలకుండా ఉండమన్నాడు. పక్కనున్న ఎవరో ఆవిడ, చెల్లెల్ని ఎంత బాగా చూసుకుంటాడో అని మెచ్చుకుంది. వాడు కాదనలేదు.

తిరుగు రైలులో ఫరీన్ నాయన ఒళ్లో కూర్చుని చాలాసేపు కిటికీ బయటికి చూసింది.

"నాయనా, నేను వానికి అక్కనే కదా?"

"అక్కవే తల్లీ."

"మరి నాకు ఐదు ఎప్పుడు వస్తాది? నువ్వు చెప్తే వస్తాదంట కదా. అమ్మ చెప్పింది."

నౌషాద్ ఎన్నో రాత్రులు గోడ వైపు తిరిగి అసలు వయసు గొణిగి చూసినవాడే. ఏమీ కాలేదు. ఆ మాట పిల్లకు చెప్పలేక, వేరుశెనక్కాయలు కావాలా అని అడిగాడు.

మరునాడు కాటా పక్కన కూర్చుని చింతపండు గింజలు తీసే చౌడక్క దగ్గర కూలబడ్డాడు. మార్కెట్టు కట్టక ముందునుంచీ ఆమె అక్కడే కూర్చుని ఉందని, ఆమె చుట్టూ గోడ లేపారని అంటారు. అంతా విన్నా ఆమె గింజ తీయడం ఆపలేదు.

"ఏమప్పా నౌషాద్, ఇన్నేండ్లు కాటా పట్టినావు, పద్ధతి మర్చిపోయినావా? తూకం తప్పితే ఏం చేస్తాము?"

"తప్పిన కాటా కాడనే, ఇద్దరి ముందర మళ్లీ కూయాల."

"మరి ఇంట్లో గోడకు కూస్తే ఏమైతాది? ఆడ తప్పినావు, ఆడికే పో. సాక్షికి నేనొస్తా. నేనూ బెంగళూరు చూసినట్లుంటాది."

పోయారు. స్టేషను నుంచి పార్కు దాకా నౌషాద్ ఫరీన్‌ను భుజం మీద కూర్చోబెట్టుకునే నడిచాడు. మహజబీన్ సంచిలో అవ్వ పంపిన ఆఖరి పావడా ఉంది. పార్కులో అదే కిటికీ, అదే మనిషి, మెడలో నాగేంద్ర అని పేరు కార్డు. నౌషాద్ పిల్లను దించి కిటికీ ముందు నిలబెట్టి, తొమ్మిదేళ్ల బిడ్డకు టికెట్టు అడిగాడు. నాగేంద్ర తొంగి చూసి నవ్వాడు.

"నాలుగు కూడా ఉండవు సార్ ఈ పాపకు. ఫ్రీ. సుమ్నే, ఊరికే పోండి."

నౌషాద్ కదల్లేదు. వెనక వరస గొణిగింది. డబ్బులు ఇస్తానంటే వద్దంటావేమప్పా అని ఇతను, లేని వయసుకు టికెట్టు కొట్టలేనని అతను. వెనకెవరో, టికెట్టు ఎగ్గొట్టేవాళ్లను చూశాను కానీ ఇట్లాంటోన్ని చూడలేదన్నారు. ఫరీన్ నాయన వేలు పట్టుకుని, ఎప్పుడో నేర్పిన పాఠం అప్పజెప్పినట్టు మెల్లగా అంది, "నాలుగే కదా నాయనా?"

అప్పుడు నౌషాద్ ఆ వేలు విడిపించుకున్నాడు. ఒక పక్క నాగేంద్ర, ఒక పక్క చౌడక్క. కాటా ముందు నిలబడినట్టే నిలబడి, గొంతు పగిలేలా కూశాడు.

"తొమ్మిదీ..."

జూలో ఏనుగు మారు పలికిందని చెప్తారు. ఇక్కడ మాత్రం ఫరీన్ గౌను భుజాల దగ్గర పర్రుమంది. చెప్పుల పట్టీలు తెగాయి. గాజులు చిట్లి రాలాయి. చౌడక్క తన కొంగు విప్పి పిల్లను చుట్టేసింది. మహజబీన్ చెట్టు చాటుకు తీసుకుపోయి పావడా కట్టింది. అవ్వ లెక్క వేలెడు కూడా తప్పలేదు. నాగేంద్ర టికెట్టు చించి ఇచ్చి, తర్వాతి వాళ్ల వయసు అడిగాడు.

రైలు వచ్చింది. ఫరీన్ ఆ చిన్న పెట్టెలో కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగిలాయి. కాసేపు చూసి దిగేసింది.

"తమ్ముడిని ఎక్కించు నాయనా. నేను ఈడ చూస్తా ఉంటా."

స్టేషనుకు తిరిగి నడిచేటప్పుడు తన్వీర్ చెయ్యి పట్టుకుని ఆమె ముందు నడిచింది. నౌషాద్ అలవాటుగా భుజం వంచి, ఎవరూ ఎక్కకపోతే మళ్లీ నిలబెట్టుకున్నాడు. పొద్దున మోసిందే ఆఖరిసారని అతనికి తెలియలేదు. ఐదూ ఆరూ ఏడూ ఎనిమిదీ ఎక్కడ పోయాయని పిల్ల అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదని అతను ఇప్పటికీ అంటాడు.

ఆ ఏడు ఆమెను కాటా మీద కూర్చోబెట్టినప్పుడు ముల్లు అంత దూరం పోయేసరికి, నౌషాద్‌కు జీవితంలో మొదటిసారి కూత రాలేదు. అతనికి బదులు ఫరీనే తన బరువు చదివి గట్టిగా చెప్పింది. గొంతు అచ్చం నాయనది. పెనుకొండలో బెల్లం చాలక ఎవరూ వెనక్కి పోలేదు.

ఇంకా అనుమానమా? హిందూపురం చింతపండు మార్కెట్టుకు పోండి. కాటా పక్కన గింజలు తీస్తూ ఒక ముసలామె ఉంటుంది. పట్టీలు తెగిన నాలుగేళ్ల పిల్ల చెప్పులు ఆమె గోనెపట్టా కింద ఉన్నాయి. అడిగితే తీసి చూపిస్తుంది. నౌషాద్ అటు తిరిగి ఉన్నప్పుడు మాత్రమే అడగండి. ఆమె పేరు చౌడక్క.