రెండు పెనాల్టీలు చూసిన బెంచీ

నేను ఒక బెంచీని. పార్కులో ప్రేమికులు కూర్చునే రకాన్ని కాదు. జర్మనీలో క్రుమ్మెన్‌ఫెల్డ్ అనే బొగ్గుగనుల ఊళ్ళో, ఫుట్‌బాల్ మైదానం గీత పక్కన, ఆడే అవకాశం రానివాళ్ళు మొహం మాడ్చుకుని కూర్చునే బెంచీని. నన్ను చేసింది ఓట్మార్ అనే రిటైరైన గని కార్మికుడు. గని మూసేశాక, లోపల పైకప్పుకు ఆసరాగా నిలబెట్టిన ఓక్ దుంగలు మిగిలిపోతే వాటిని చీల్చి నన్ను తయారుచేశాడు. భూమి బరువు మోసినదాన్ని, ఈ ఆటగాళ్ళ బరువు నాకో లెక్కా అనుకున్నాను. మనిషి అహంకారం ఎంత బరువుంటుందో అప్పటికి తెలియదు.

అది తెలిసేలా చేసినవాడు హోల్గర్ డ్రెష్లర్, మా జట్టు ఫార్వర్డ్. గోల్స్ కొట్టేవాడు, కాదనను. కానీ ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. పక్కవాడు ఖాళీగా నిలబడి చెయ్యెత్తినా బంతి ఇచ్చేవాడు కాదు. ఒకసారి ఆట మధ్యలో కోచ్ బయటికి పిలిస్తే, నా మీద కూర్చోవడం నామోషీ అయి, బూటుతో నన్ను ఒక్క తన్ను తన్నాడు. అత్త మీద కోపం దుత్త మీద తీర్చడమంటే అదే. నా చెక్క ఈ కొస నుంచి ఆ కొసకు చీలింది. ఓట్మార్ మేకులు కొట్టి బిగించాడు గానీ, వానొచ్చినప్పుడల్లా ఆ చీలిక ఉబ్బుతుంది. ఆనాటి నుంచి హోల్గర్ అంటే నాకు ఒళ్ళుమంట.

ఈ దేశపు ఫుట్‌బాల్‌లో ఒక నమ్మకముంది. ఎవణ్ణి పడదోసినందుకు పెనాల్టీ వచ్చిందో వాడే దాన్ని కొట్టకూడదు. పడ్డవాడికి రోషం ఉంటుంది, రోషంతో ఉన్న కాలు నిలకడగా ఉండదు. మైదానం పక్కన సాసేజ్‌లు కాల్చి అమ్మే హిల్డెగార్డ్‌కు కూడా ఈ సంగతి తెలుసు.

ఆరో డివిజన్‌లో ఉంటామో పడిపోతామో తేల్చే ఆఖరి మ్యాచ్ వచ్చింది. ఒక్క గోలు కావాలి. ఆట ముగియబోతుండగా గోలు ముందు హోల్గర్‌ను పడదోశారు. పెనాల్టీ. వాడు లేచి, మోకాలి బురదైనా తుడుచుకోకుండా బంతి చంకన పెట్టుకున్నాడు. కెప్టెన్ అడిగినా ఇవ్వలేదు. తనే కొట్టాడు. బంతి గోలు పైనుంచి ఎగిరి కార్ల మధ్య పడింది.

అప్పటి కోచ్ క్లూగె నా మీది నుంచి లేచి జనం వైపు తిరిగాడు. "నేను వద్దన్నాను. వాడే వినలేదు" అన్నాడు. నిజానికి క్లూగె నోరు విప్పింది సాసేజ్ కొరకడానికే. నాకు తెలుసు. అయినా హోల్గర్‌కు అలా తగిన శాస్తి జరిగినందుకు సంబరపడ్డాను.

ఊరు ఊరంతా వాడి మీద విరుచుకుపడింది. వాడు వెళ్ళిపోయి, చిన్నాచితకా క్లబ్బులు తిరిగి, మోకాలు అరగదీసుకుని, చివరికి కోచ్ అయ్యాడు. మరెవరూ రామనడంతో మా క్లబ్బే మళ్ళీ వాణ్ణి పిలిచింది. ఏ బెంచీని నామోషీ అన్నాడో ఇప్పుడు ప్రతి ఆదివారం దాని మీదే కూర్చోవాలి. నా వంతు మర్యాద నేనూ చేశాను. మొదటి రోజే వాడి కొత్త ప్యాంటులో పేడు గుచ్చాను. వెనక నుంచి జనం, "పోయిన బంతి దొరికిందా హోల్గర్?" అని అరిచేవాళ్ళు. వాడు తిరిగి చూసేవాడు కాదు.

మళ్ళీ అలాంటి ఆఖరి మ్యాచే వచ్చిపడింది. ఈసారి ఫార్వర్డ్ జెమాల్. గోలు ముందు పడదోశారు. లేచి బంతి చంకన పెట్టుకున్నాడు. కెప్టెన్ అడిగాడు, ఇవ్వలేదు. నా మీద కూర్చున్న ఆటగాళ్ళందరూ లేచి గీత దగ్గరికి పరుగెత్తారు. నా మీద మిగిలింది హోల్గర్ ఒక్కడే. రెండు చేతులతో నా అంచు పట్టుకుని, గోళ్ళు చెక్కలో దిగేలా నొక్కుతూ, "వద్దు రా, వద్దు" అని గొణిగాడు. గట్టిగా అంటే జెమాల్‌కు వినిపించేది. అనలేదు. అంటే వాడి కాలు వణుకుతుందని భయపడ్డాడో, తను ఓడిన చోట ఇంకొకడైనా గెలవాలని ఆశపడ్డాడో, నాకు తెలియదు.

జెమాల్ కొట్టాడు. గోల్‌కీపర్ బంతిని చేతుల్లోకి తీసుకున్నాడు. జట్టు కింది డివిజన్‌కు పడిపోయింది. జెమాల్ గడ్డి మీద కూలబడి చొక్కా మొహం మీదికి లాక్కున్నాడు. జనం కంచె దాటి వచ్చి, నిన్ను ఎవడు కొట్టమన్నాడని మీదికి పోయారు. హోల్గర్ కుంటుకుంటూ వెళ్ళి మధ్యలో నిలబడ్డాడు.

"నేను. నేనే కొట్టమన్నాను."

బీరు వచ్చి మొహాన పడింది. ఆ సాయంత్రమే ఉద్యోగం కూడా ఊడింది.

క్లబ్బు ఇప్పుడు ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చింది. ఈస్టర్ ముందు రోజు సాయంత్రం పాత చెక్కలూ కత్తిరించిన కొమ్మలూ కుప్పపోసి మంట వేయడం ఇక్కడి ఆనవాయితీ. నన్ను తెచ్చి ఆ కుప్ప మీద పడేశారు. ఇవాళ హిల్డెగార్డ్ విరిగిన నిచ్చెన తెచ్చింది. జెమాల్ పాత తలుపు తెచ్చాడు. అతనిప్పుడు జట్టు కెప్టెన్, ఊరికి ముద్దుబిడ్డ.

"ఆ హోల్గర్ గాడు కొట్టమనకపోతే మనం పైనే ఉండేవాళ్ళం కదయ్యా" అంది హిల్డెగార్డ్.

"అవును, ఆయనే కొట్టమన్నాడు" అన్నాడు జెమాల్.

అప్పుడే వెనక నుంచి హోల్గర్ తోపుడుబండిలో కొమ్మలు తెస్తున్నాడు. విన్నాడు. జెమాల్ తల దించుకున్నాడు. పలకరించిన నాథుడు లేడు. హోల్గర్ కొమ్మలు నా మీద వేసి, నా చీలికను ఒకసారి చూసి, బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు.

ఆ తన్నును నేను క్షమించలేదు, క్షమించను కూడా. కానీ నా అంచు కింద గోళ్ళ గుర్తులున్నాయి. ఆ మనిషి వద్దన్నాడని చెప్పడానికి ఈ లోకంలో మిగిలిన సాక్ష్యం అదొక్కటే. రేపు సాయంత్రం నాకు నిప్పంటిస్తారు. చేతులు కాచుకోవడానికి జెమాల్ కూడా వస్తాడు.