అందరూ ఎక్కాకే

తీర్పు వచ్చే రోజు ఉదయానికల్లా ఆరోగ్య మంత్రిగారి ఆఫీసులో ఏడుపు సిద్ధంగా ఉంది. ఏడుపంటే నిజం ఏడుపు కాదులెండి, కాగితం మీది ఏడుపు. 'ఈ రోజు నా గుండె బరువెక్కింది, నోట మాట రావడం లేదు' అని మొదలవుతుంది. నోట మాట రాని మనిషి రెండు పేజీలు గడగడా చదవొచ్చు. రాసింది పెన్నమ్మ. అది ఆవిడ అసలు పేరు కాదు, మంత్రిగారు ముద్దుగా పెట్టిన పేరు. ఆయన మైకు ముందు పలికే ప్రతి మాటా ఆవిడ రాసిందే కాబట్టి ఆఫీసంతా అదే పిలుపు స్థిరపడిపోయింది.

చట్టం చిన్నదే. పేదవాడు ఏ ఆసుపత్రి మెట్టెక్కినా కాదనకుండా వైద్యం చెయ్యాలి, ఖర్చు ప్రభుత్వం భరించాలి. ఎన్నికల ముందు డప్పు కొట్టి మరీ చేసిన చట్టం. ప్రైవేటు ఆసుపత్రులవాళ్లు దానిమీద హైకోర్టుకెక్కారు. మంత్రిగారు పైకి ఎంత ఆవేశపడినా లోపల ఆయన ఆశ ఒక్కటే, కోర్టు ఆ చట్టాన్ని కొట్టేస్తే బాగుండునని. కొట్టేస్తే ఖర్చూ తప్పుతుంది, నెపమూ కోర్టు మీదికి పోతుంది. 'మేం ఇద్దామనుకున్నాం, వాళ్లు ఇవ్వనివ్వలేదు' అని మళ్లీ ఎన్నికలు వచ్చేదాకా గుండెలు బాదుకోవచ్చు. అందుకే పీఏ నల్ల బ్యాడ్జీలు మూటలకొద్దీ తెప్పించాడు. చట్టం నెగ్గితే చదవాల్సిన ప్రకటన మాత్రం రాయమని ఎవరూ అడగలేదు.

పెన్నమ్మకు ఇదంతా తెలుసు. తెలిసే ఆ ఏడుపు రాసింది. రాస్తూనే అది పనికిరాకుండా పోవాలని లోలోపల దణ్ణాలు పెట్టుకుంది. ఆవిడ తమ్ముడి ప్రాణం ఆ తీర్పులో ఉంది మరి.

తమ్ముడు సిటీ బస్సు కండక్టరు. కిడ్నీలు రెండూ పాడై ఉద్యోగం మానుకున్నాడు. వారానికి మూడుసార్లు పెద్దాసుపత్రిలో మెషీను పక్కన పడుకుని రక్తం శుభ్రం చేయించుకు రావాలి. నీళ్లు కూడా కొలిచి తాగాలి. దాహమేస్తే చిన్న ఐసుముక్క నోట్లో పెట్టుకుని చప్పరిస్తాడు. అమ్మ కిడ్నీ సరిపోతుందని తేలింది. అమ్మ ఆ మాట విన్న క్షణం నుంచే ఎప్పుడు కోస్తారని అడుగుతోంది. కానీ ఆ ఆపరేషన్ చేసే ఆసుపత్రి ప్రైవేటుది, అది వీళ్ల తరం కాదు. చట్టం నిలబడితే తరమవుతుంది. డాక్టరు దాచకుండా చెప్పేశాడు. "గుండె మీద భారం పడుతోందమ్మా. వానలు మొదలయ్యేలోగా, అంటే ఈ రెండు మూడు నెలల్లో, అయిపోవాలి. ఆ తర్వాత మత్తు ఇవ్వడానికి నేనే ఒప్పుకోను."

అలాంటి స్థితిలోనూ వాడికి నోరు మూతపడదు. వార్డులో తన వంతు రాలేదని ఎవరైనా గొణిగితే చాలు, బస్సులో అరిచినట్టే అరుస్తాడు. "తోసుకోకండమ్మా, తోసుకోకండి! అందరూ ఎక్కాకే బండి కదులుతుంది!" నర్సులు కూడా నవ్వుతారు. టీవీలో మంత్రిగారు కనిపిస్తే ఇక వాడికి పండగే. "ఇది నీ మాటే కదే అక్కా? ఇది అమ్మ అన్నది, దొంగా, ఎత్తుకెళ్లావు!" అని ఒక్కొక్క వాక్యాన్నీ పట్టేసుకుంటాడు.

మధ్యాహ్నం కాకముందే టీవీలో ఎర్ర అక్షరాలు పరుగెత్తాయి. చట్టం చెల్లుతుంది. వెంటనే అమలు చెయ్యాలి.

మంత్రిగారి గదిలో ఎవరో పోయినంత నిశ్శబ్దం. కింద కార్యకర్తల్లో ఒకడు తీర్పు వచ్చిందన్న ముక్క మాత్రమే విని, ఏం తీర్పో కనుక్కోకుండా "హైకోర్టు తీర్పు నశించాలి!" అని ఎత్తుకున్నాడు. నల్ల బ్యాడ్జీలవాళ్లంతా వంత పాడారు. పీఏ చెప్పులు జారిపోతున్నా మెట్లు దిగి పరుగెత్తాడు.

"ఆపండ్రా బాబూ! గెలిచింది మనమే! ఆ బ్యాడ్జీలు పీకెయ్యండి!"

పెన్నమ్మ వరండా చివరికి వెళ్లి ఇంటికి ఫోను చేసింది.

"ఒరేయ్, నెగ్గిందిరా."

అవతలి నుంచి తమ్ముడు అన్నాడు. "అమ్మ ఏడుస్తోందే. ఏడుస్తూనే సంచి సర్దేస్తోంది, ఆసుపత్రికి. రేపే రమ్మంటారనుకుంటోంది పిచ్చిది."

"సర్దనీరా," అంది పెన్నమ్మ. ఆ క్షణంలో ఆవిడంత సంతోషంగా ఆ ఊళ్లో ఇంకెవరూ లేరు.

అంతలోనే లోపలి నుంచి పిలుపు వచ్చింది. అవతలి పార్టీ నాయకుడు ఇది తమ పోరాట ఫలితమని అప్పటికే టీవీలో చెప్పేస్తున్నాడు. చట్టం చేసిన రోజు సభలోంచి విసురుగా లేచిపోయింది ఆయనే! మంత్రిగారు ఆ టీవీ వైపు చూస్తూ అన్నారు.

"స్వాగతించాలి పెన్నమ్మా. ఘనంగా స్వాగతించాలి. ఆ వెంటనే, ఏర్పాట్లకు ఆరు నెలలు గడువు కావాలని కోర్టుకు వెళ్తున్నామని చెప్పాలి. ఆరు నెలలంటే జనం విసుక్కోకూడదు, చప్పట్లు కొట్టాలి. నీ చేతి చలవ చూపించు."

"ఆరు సరిపోతాయా సార్?" అన్నాడు పీఏ.

"ముందు ఆరు అడుగుదాం."

పెన్నమ్మ కదల్లేదు. ఆ ఆఫీసులో చేరాక మొదటిసారి ఎదురు చెప్పింది. "సార్, ఆరు నెలలు ఆగలేనివాళ్లు ఉంటారు."

"ఉంటారమ్మా, ఎందుకుండరు," అన్నారు మంత్రిగారు, నిజంగానే జాలిగా. "వాళ్ల గురించి కూడా ఓ మంచి వాక్యం పెట్టు."

ఆవిడ తన బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. లేచి వెళ్లిపోవచ్చు. ఆ కాగితం ఆయన మొహాన కొట్టి 'మీరే రాసుకోండి' అనొచ్చు. ఇవన్నీ అనుకుంది కూడా. కానీ మందులు వచ్చేది ఆ జీతంతోనే, పైగా ఏళ్ల తరబడి రాసి రాసి చెయ్యి అలవాటు పడిపోయింది. స్వాగతం ఇట్టే వచ్చేసింది. గడువూ వచ్చింది. ఆ మంచి వాక్యం దగ్గరే పెన్ను ఆగింది. బయట విలేకరులు తలుపు తడుతున్నారు, పీఏ నెత్తిన నిలబడి "అయిందా, అయిందా" అంటున్నాడు. వెతగ్గా వెతగ్గా చేతికి దొరికిన మాట ఒకటి కాగితం మీద పడేసింది. అది ఎక్కడి నుంచి వచ్చిందో కాగితం చేతులు మారేదాకా ఆవిడకే తట్టలేదు. తట్టేసరికి మంత్రిగారు మైకు ముందున్నారు.

సాయంత్రం ఇల్లు చేరేసరికి టీవీ మోగుతోంది. తమ్ముడు దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. గుమ్మం పక్కన అమ్మ సర్దిన సంచి నిండుగా ఉంది. అమ్మ వంటింట్లోంచి తల బయటపెట్టి "ఎప్పుడు రమ్మంటారటే?" అంది. పెన్నమ్మ చెప్పులు విప్పుతూ ఉండిపోయింది. టీవీలో మంత్రిగారి గొంతు గంభీరంగా లేచింది.

"ఆరు నెలలు. కేవలం ఆరు నెలలు ఓపిక పట్టండి. ఆగలేనివాళ్లు ఉన్నారని నాకు తెలుసు. నా అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు నా మాట ఒక్కటే. తోసుకోకండి. అందరూ ఎక్కాకే బండి కదులుతుంది!"

చప్పట్లే చప్పట్లు.

"అమ్మా! నా మాట!" అని కేక పెట్టాడు తమ్ముడు. అలవాటు మీద నవ్వేశాడు కూడా. "నా మాట మంత్రిగారు..." అని సగంలో ఆగిపోయాడు. అక్క మొహం చూశాడు. రిమోటు తీసుకుని టీవీ గొంతు తగ్గించాడు.

"ఆరు నెలలా అక్కా?"

"ముందు ఆరు," అంది పెన్నమ్మ. అబద్ధం చెప్పే ఓపిక ఆవిడకు మిగల్లేదు.

వాడు పక్కనున్న ఐసుగిన్నె దగ్గరికి లాక్కున్నాడు. తిడితే బాగుండునని ఆవిడకు అనిపించింది. నోరు విడిచి అడిగింది కూడా. "తిట్టరా. ఏదో ఒకటి అను."

"నిన్నెందుకు తిడతానే." వాడు గిన్నెలోంచి ఐసుముక్క తీసి, నోట్లో పెట్టుకోకుండా వేళ్ల మధ్య పట్టుకున్నాడు. "ఆ మాట నేను బస్సులో ఎప్పుడనేవాణ్నో తెలుసా?"

"ఎప్పుడు?"

"బండి నిండిపోయాక. కిందున్నవాళ్లలో సగం మంది ఎక్కలేరని నాకు తెలిసిపోయాక. అలా అరిస్తే తోపులాట ఆగుతుంది, బుద్ధిగా వరసలో నిలబడతారు. నిలబడగానే విజిల్ వేసేవాణ్ని." ఐసు కరిగి వాడి మణికట్టు మీదుగా కారుతోంది. "పాపం, వాళ్లు వెనకాల పరుగెత్తేవాళ్లు కూడా కాదే. అంత నమ్మేవాళ్లు."

పెన్నమ్మ మంచం అంచున కూలబడింది. "మరి వార్డులో..." అని అడగబోయి మానేసింది. వార్డులో అందరికీ వాడు రోజూ చెప్పేది అదే మాట. ఎవరికి చెబుతున్నాడో, ఎందుకు చెబుతున్నాడో వాడికి ముందు నుంచీ తెలుసన్నమాట.

అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి అంతా వింది. తడిచేతులు చీరకు తుడుచుకుంటూ వచ్చి, సంచి పక్కన నేలమీద కూర్చుని ముడి విప్పింది. కొడుకు చొక్కాలు, తన చీరలు ఒక్కొక్కటే బయటికి తీసి ఒళ్లో పెట్టుకుని మడతలు సరిచేసింది. అన్నీ తీసేదాకా ఎవరూ ఆవిణ్ని వద్దనలేదు.