ప్రశ్న పూర్తికాకముందే

రేపు తనిఖీ అధికారి వస్తున్నాడు. పిల్లలు ఈసారీ లెక్కల్లో తప్పితే బడికి తాళమే.

"చూశారుగా మేడం, పిల్లలు టకటకా చెప్పేస్తున్నారు," లెక్కల క్లాసు చూసి వరండాలోకి రాగానే ఆశగా అంది హెడ్‌మిస్ట్రెస్.

ఆమెకు మెళకువలు నేర్పడానికి వచ్చిన రిటైర్డ్ టీచరమ్మ నవ్వలేదు. "ప్రశ్న పూర్తికాకముందే చెప్పేస్తున్నారు. మీ బళ్ళో జోస్యం కూడా నేర్పుతారా అమ్మాయ్?"

హెడ్‌మిస్ట్రెస్‌కి అప్పుడు తట్టింది. పోయిన నెలా ఈ గదిలో ఇవే లెక్కలు. గిరుక్కున తిరిగి గదిలోకి వెళ్ళింది.

"మాస్టారూ, ఈ పాఠం ఎన్నిసార్లు చెప్పారు?"

లెక్కల మాస్టారు తల దించుకున్నాడు. "మీరొచ్చినప్పుడల్లా. మీరొచ్చేది తప్పులు రాసుకోడానికేగా మేడం. అందుకే బాగా వచ్చిందే చెప్తాం. అందరం."

ఏడాదిగా తను చూసిందంతా నాటకమే. అరవబోయింది. టీచరమ్మ ఆమె చేతిలో సుద్దముక్క పెట్టింది.

"ఇవాళ పాఠం నువ్వు చెప్పు. వాళ్ళు చూస్తారు."

టీచర్లంతా వెనక బెంచీల్లో సర్దుకున్నారు. భిన్నాల భాగహారం మొదలుపెట్టిందో లేదో, ముందు బెంచీ పిల్ల లేచింది. "సగాన్ని పావుతో భాగిస్తే రెండెలా వస్తుంది? భాగిస్తే తగ్గాలిగా?"

తిరగేసి గుణించడమే తప్ప, ఎందుకో ఆమెకూ తెలీదు.

"నాకు తెలీదు," అంది చివరికి. "మీకెవరికైనా తెలుసా?"

లెక్కల మాస్టారు కాగితం మడుస్తూ ముందుకొచ్చాడు. "నాకూ గట్టిగా రాదు మేడం. సగంలో పావులెన్నో చూద్దాం పట్టండి." సాయంత్రం దాకా అందరూ కాగితాలు చింపుతూనే ఉన్నారు. సగంమందికీ అర్థం కాలేదు.

మర్నాడు అధికారి వెనక బెంచీలో కూర్చున్నాడు. మాస్టారు హెడ్‌మిస్ట్రెస్ వైపు చూశాడు. పాత పాఠమా, కొత్తదా? పాతదైతే బడి నిలుస్తుంది.

"నిన్నటిదే కానివ్వండి," అందామె.

"ముప్పావుని పావుతో భాగిస్తే ఎంత?" అధికారి అడిగాడు.

ఒక్క చెయ్యీ లేవలేదు. నిన్నటి పిల్ల కాగితం మడిచింది. "నాలుగు." మళ్ళీ విప్పి లెక్కపెట్టింది. "కాదు, మూడు."

"ఇంకెవరైనా?"

ఎవరూ లేరు. అధికారి లేచాడు. "ఈ పిల్ల తన తప్పు తనే దిద్దుకుంది. పరీక్షల దాకా గడువిస్తున్నాను. అప్పుడూ ఈ ఒక్క పిల్లే అయితే మూసేస్తాం."

ఆయన వెళ్ళాక హెడ్‌మిస్ట్రెస్ కిందపడ్డ కాగితం ముక్కలు ఏరసాగింది.

"మేడం," మాస్టారు మెల్లగా అన్నాడు, "రేపటి పాఠం నాకు రాదు. వచ్చి కూర్చుంటారా?"