ఇద్దరి రాజీనామా

ఈ గనుల ఊరు కిరందుల్‌లో తెల్లబట్టలు ఉతకడం పిచ్చిపని. కొండ మీద నుంచి ఇనుపరాయి దుమ్ము రోజంతా దిగుతూనే ఉంటుంది. పొద్దున ఆరేసిన చీర సాయంత్రానికి అంచుల్లో ఎర్రబడుతుంది. అయినా మా సంఘంలో బాప్తిస్మానికి వేసుకునే తెల్ల ప్యాంట్లూ, చొక్కాలూ, గౌన్లూ మొత్తం ఏడు జతలు ఉతికి, నీలిమందు పెట్టి, పైన పాత దుప్పటి కప్పి ఆరబెట్టి, ఇస్త్రీ చేసి ట్రంకుపెట్టెలో సర్దే పని ఇరవై ఎనిమిదేళ్లుగా నాదే. ఎవరు అప్పగించారో గుర్తులేదు. ఎవరూ అప్పగించలేదేమో కూడా. ఒకసారి చేశాను, ఆ తర్వాత అది నా పనైపోయింది.

ఆ రోజు కూడా గౌను జాడిస్తూ ఉన్నాను. మా మరిది సురేష్‌బాబు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. రైల్వేలో పని అతనికి. డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టున్నాడు.

"వదినా, ఈసారి నీకూ ఓ తెల్లగౌను కుట్టించాల. కొలతలియ్యి."

"నాకెందుకు? నా బాప్తిస్మం ఎప్పుడో అయింది కదా."

"బాప్తిస్మానికి కాదు. పెళ్లికి."

చేతిలో గౌను బకెట్లో పడింది. "ఎవరితోటి?"

"ఏటలా అడుగుతావ్? అన్నయ్యతోనే. ఇంకెవరితో?"

మా ఆయన యేసుపాదం పోయి అప్పటికి నాలుగేళ్లు.

మాది మోర్మన్ సంఘం, క్రైస్తవంలోంచే పుట్టిన ఒక విదేశీ శాఖ. ఈ ఊళ్లో నాలుగే కుటుంబాలం. విశాఖపట్నం నుంచి నెలకోసారి సంఘపెద్ద శ్యామ్‌ప్రసాద్ గారు రైలెక్కి వస్తారు, మా ముందుగదిలోనే ఆదివారం కూడిక జరుగుతుంది. మామూలు పెళ్లి చావుతో తెగిపోతుందని, మా సంఘం కట్టిన దేవాలయంలో చేసిన పెళ్లి ఎప్పటికీ తెగదని మా నమ్మకం. బతికున్నప్పుడు అక్కడికి వెళ్లలేకపోయిన భార్యాభర్తలకు ఒకరు పోయాక కూడా ఆ విధి చేయిస్తారు. ఇన్నాళ్లూ దేవాలయమంటే విదేశమే. ఇప్పుడు బెంగళూరులో ఒకటి కడుతున్నారు. అది పూర్తికాగానే నన్ను తీసుకెళ్లి యేసుపాదంతో శాశ్వతంగా కలిపేయాలని మా మరిది సంకల్పం. మంచి మనసుతోనే చెప్పాడు. కళ్లల్లో నీళ్లు కూడా తిరిగాయి.

"నేను రాను సురేషూ" అన్నాను.

అతను నవ్వాడు. "మోకాళ్ల నొప్పులా? తొందరేం లేదులే. ఇప్పుడు రాలేకపోతే నువ్వెళ్లిపోయాకైనా మేమే చేయించేస్తాం. నీ పేరు రికార్డులో ఉంది కదా, ఎక్కడికీ పోదు."

అతను వెళ్లిపోయాక నేను బకెట్ పక్కన అలాగే కూర్చున్నాను. రానని చెప్పడం ఒక్క క్షణం పని. చనిపోయాక ఎలా చెప్పను?

ఆయన చెడ్డవాడు కాదు. ఇది నేనే ముందు చెప్పేయాలి, లేకపోతే అందరూ నాకు చెబుతారు. తాగలేదు, కొట్టలేదు, గనుల కంపెనీలో ముప్పై ఏళ్లు ఒక్క మెమో లేకుండా పనిచేశాడు. కంచం ముందు కూర్చుని వేలితో గ్లాసు మీద టిక్కుటిక్కుమని కొట్టేవాడు, నేను నీళ్లు పోసేదాన్ని. ఫస్టు షిఫ్టయితే తెల్లవారుజామున నాలుగింటికి వేడినీళ్లు, సెకండు షిఫ్టయితే అర్ధరాత్రి వేడి అన్నం. చల్లారిన అన్నం ఎప్పుడూ నాదే. సంఘంలో చేరాక, అక్కడి నియమం కాబట్టి టీ మానేయాలన్నాడు, మానేశాను. ఆయన చొక్కా ఉతుకుతుంటే క్యాంటీన్ టీ మరకలు కనబడేవి. అడిగితే "షిఫ్టు మనిషి బాధ నీకేం తెలుసు" అన్నాడు. నాకేం తెలుసు అన్నది ఆయన మాటల్లో సగం. బ్యాంకు కాగితం అడిగితే నీకేం తెలుసు. ఓటు ఎవరికని అడిగితే నీకేం తెలుసు. నాకు అక్షరాలు నేర్పమని ఒకసారి అడిగాను. నలభై ఏళ్లు అప్పటికి నాకు. "నేను చదివి వినిపిస్తూనే ఉన్నాను కదా, రెండు జతల కళ్లెందుకు ఒక ఇంటికి?" అన్నాడు.

నిజమే, వినిపించేవాడు. రోజూ అన్నాల తర్వాత సంఘం పుస్తకం తెరిచి ఒక అధ్యాయం గట్టిగా చదివేవాడు. మంచి గొంతు. అందులో కొన్ని వాక్యాలు నాకు కంఠతా వచ్చేశాయి. 'భర్త అడుగకమునుపే అతని అవసరము నెరిగినది ధన్యురాలు.' 'ఇంటి యజమాని మాటకు మారు పలుకు స్త్రీ తన దీపమును తానే ఆర్పుకొనును.' నేను విసుక్కున్న రోజున కచ్చితంగా ఆ వాక్యమే వచ్చేది. దేవుడు మా వంటగదిలోకి చూస్తున్నాడని నిజంగా భయపడేదాన్ని. ఒకసారి గ్యాస్ అయిపోయి వేడినీళ్లు ఆలస్యమైతే, ఆ రాత్రి వేడినీళ్ల గురించి కూడా వాక్యం వచ్చింది.

ఆయన పోయిన ఏడాదికి, మా మరిది కూతురు శాంతిప్రియ దంతెవాడలో కాలేజీ పూర్తిచేసి ఇంట్లో ఉంటే, దాని దగ్గర అక్షరాలు మొదలుపెట్టాను. దానికి తెలుగు చదవడం వాళ్లమ్మ నేర్పింది, బడి చదువంతా హిందీనే. 'క' కన్నా 'క్ష' సులువుగా వచ్చింది నాకు, ఎందుకో తెలియదు. ఏడాదిన్నర పట్టింది. చదవడం వచ్చాక మొట్టమొదట తెరిచింది ఆ పుస్తకమే. ఆ వాక్యాలు కళ్లతో చూసుకోవాలని. వేలు పెట్టి చదువుతూ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఎనిమిది నెలలు వెతికాను. యుద్ధాలున్నాయి, ప్రయాణాలున్నాయి, ప్రవక్తలున్నారు. వేడినీళ్లు లేవు.

నేను సరిగ్గా చదవలేదేమో అనుకుని శాంతిప్రియను వెతకమన్నాను. అది ఫోన్లో వెతికి వెతికి, నా మొహం చూసి, "పెద్దమ్మా, పెదనాన్న సొంతంగా కలిపి చదివాడేమో" అంది మెల్లగా. ఆ తర్వాత ఇద్దరం ఎంత నవ్వామంటే పక్కింటివాళ్లు తలుపు కొట్టారు. అది ఇంటికి వెళ్లిపోయాక కూడా చాలాసేపు నవ్వాను. చివర్లో అది నవ్వు కాదు.

కోపం ఆయన మీదే, పుస్తకం మీద కాదు. దేవుడి మీద అసలే లేదు. నిజానికి దేవుడు పెట్టని భారాలు దేవుడే పెట్టాడనుకుని ఇన్నేళ్లు మోసినందుకు ఆ దేవుడికే క్షమాపణ చెప్పుకున్నాను. కానీ అంతులేని కాలం పాటు ఆ గొంతు పక్కన కూర్చోవడం నావల్ల కాదు.

బుధవారం సంతలో ఆయతి దగ్గర చింతపండు తీసుకుంటూ ఈ మాట చెప్పాను. ఆయతి గోండు మనిషి, నా వయసుదే, మొదటి మొగుడు నచ్చక రెండో అతనితో వెళ్లిపోయి పాతికేళ్లుగా సుఖంగా ఉంది. వాళ్లలో అది తప్పు కాదు. నా మాటలు విని తక్కెడ కింద పెట్టేసింది.

"మర్‌నే కే బాద్ భీ వహీ ఆద్మీ?" చచ్చాక కూడా అదే మనిషా అని. "బదల్‌నే కా నియమ్ నహీ హై క్యా?" మార్చుకునే రూలే లేదా?

"మార్చుకోవడానికి కాదు ఆయతీ. నాకెవరూ వద్దు."

"తో నామ్ కటా లే" అంది. అయితే పేరు కొట్టించేసుకో. రేషన్ కార్డు గురించి చెప్పినంత తేలిగ్గా చెప్పేసి, గుప్పెడు చింతపండు పైన వేసింది.

ఇంటికొచ్చి శాంతిప్రియను అడిగాను. అది సంఘం నియమాలు చదివి చెప్పింది. పేరు తీసేయమని సొంత సంతకంతో ఉత్తరం ఇస్తే చాలు, కారణం కూడా రాయక్కర్లేదు. అలా వెళ్లిపోయినవాళ్లు చనిపోయాక వాళ్ల పేరు మీద బంధువులు తమంతట తాము ఏ విధీ చేయించలేరు, అన్నిటికన్నా పైవాళ్ల అనుమతి కావాలి. "కానీ పెద్దమ్మా, బాప్తిస్మం కూడా రద్దయిపోద్ది. మళ్లీ రావాలంటే మొదటి నుంచీ రావాల" అంది. ఒక పూటంతా ఆలోచించాను. ఆదివారాలు గుర్తొచ్చాయి. నాకు పాటలంటే ఇష్టం. జ్వరమొస్తే ఈ నాలుగిళ్లవాళ్లే గంజి తెచ్చిపెట్టారు. అవన్నీ ఒకవైపు పెట్టి చూశాను. అయినా ఉత్తరం రాశాను. నాలుగు వాక్యాలు. మూడు కాగితాలు పాడుచేశాను.

ఆ నెల శ్యామ్‌ప్రసాద్ గారు వచ్చినప్పుడు, కూడిక అయ్యి అందరూ లేస్తుండగా ఉత్తరం ఆయన చేతిలో పెట్టాను. ఆయన నిలబడే చదివారు, మళ్లీ కూర్చుని చదివారు. పెద్దమనిషి, గొంతు పెంచలేదు.

"ఎవరైనా మిమ్మల్ని నొప్పించారా అమ్మా? చెబితే సరిచేస్తాం."

"సంఘంలో ఎవరూ నొప్పించలేదండి. నా పెళ్లి చాలు నాకు. దాన్ని పొడిగించుకోను."

మా మరిదికి అప్పుడు అర్థమైంది. "వదినా, ఏటి చేస్తున్నావ్! అన్నయ్య అక్కడ ఒక్కడూ ఎదురుచూస్తుంటాడు. ఆయనకెవరున్నారక్కడ, ఒక గ్లాసు నీళ్లిచ్చేవాళ్లు?"

"అక్కడా నేనే ఇవ్వాలా సురేషూ?"

అతను కూతురి వైపు తిరిగాడు. "ఇదంతా నీ చదువే. నువ్వే నేర్పావ్ ఈ తెలివి."

"నేను అచ్చులూ హల్లులే నేర్పాను నాన్నా" అంది శాంతిప్రియ. "తెలివి పెద్దమ్మదే."

శ్యామ్‌ప్రసాద్ గారు ఫోన్లో సభ్యుల జాబితా తీశారు. పైకీ కిందికీ జరిపి చూశారు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు.

"అమ్మా, పైడితల్లి అనే పేరుతో ఇక్కడ ఎవరూ లేరు."

"బాగా చూడండి. నా పేరు అదే."

"యేసుపాదం గారి కుటుంబం కింద ఒక్క స్త్రీయే ఉన్నారు. రూతమ్మ. ఈ పుట్టినతేదీ మీదేనా?"

శాంతిప్రియ నా ఆధార్ కార్డు తెచ్చి పోల్చింది. తేదీ నాదే.

కాసేపటికి మా మరిదే తేల్చాడు. బొబ్బిలి దగ్గర వాళ్ల ఊళ్లో తాతల నాటి క్రైస్తవులు హిందువుల పిల్లను చేసుకుంటే, బాప్తిస్మమప్పుడు బైబిలు పేరు పెట్టడం రివాజు. నాది విజయనగరం, అమ్మవారి పేరు పెట్టుకున్నదాన్ని. ఈ సంఘంలో పేరు మార్చే పద్ధతే లేదు. అయినా మా ఆయన పాత అలవాటు ప్రకారం ఫారంలో తనకు తోచింది రాసేశాడు. నాతో అనలేదు. నన్ను నీళ్లలో ముంచినప్పుడు ప్రార్థన ఇంగ్లీషులో సాగింది, భయంతో కళ్లూ చెవులూ మూసుకున్నాను. ఆ తర్వాత ఇరవై ఎనిమిదేళ్లూ అందరూ 'సిస్టర్ యేసుపాదం' అనే పిలిచారు. ఈ సంఘంలో పిలుపు అంతే. ఎవరికీ అనుమానం రాలేదు.

సురేష్‌బాబు మొహం వెలిగిపోయింది. "ఇంకేటి వదినా మరి! నువ్వసలు సంఘంలో లేనేలేవు, రాజీనామా దేనికి? ఆ కాగితం చింపెయ్. అన్నయ్యకి రూతమ్మని ముడేసేస్తాం, నువ్వు హాయిగా పైడితల్లిలాగ ఉండు. గొడవ తీరిపోద్ది."

అందరూ నవ్వారు. శ్యామ్‌ప్రసాద్ గారు కూడా ఆపుకోలేకపోయారు. నేనూ నవ్వాను. ఆ క్షణంలో ఒళ్లు దూదిలా తేలికైంది. పైడితల్లి ఎక్కడా చేరలేదు, ఎవరికీ ఏమీ కాదు. కాగితం మడిచి పర్సులో పెట్టుకుంటే చాలు. ఆయనకు కావలసింది ఆయనకు దొరుకుతుంది, ఆయనే పేరు పెట్టుకున్న మనిషి.

తర్వాత ఆ మనిషి ఎవరా అని ఆలోచించాను. నాలుగింటికి లేచినది ఆవిడ. చల్లారిన అన్నం తిన్నది ఆవిడ. లేని వాక్యాలకు తల వంచి, తప్పు తనదేనని ఏడ్చినది ఆవిడ. ఒక్కసారి కూడా వద్దు అనలేదు. ఇప్పుడు ఆమెను అక్కడే వదిలేసి నా దారిన నేను పోతే, అంతులేని కాలమంతా ఆ గ్లాసు చప్పుడు ఆవిడ ఒక్కతే వినాలి.

శ్యామ్‌ప్రసాద్ గారి చేతిలోంచి ఉత్తరం తీసుకున్నాను. బల్ల మీద పెట్టి, పైడితల్లి అన్న సంతకం కింద, ఒక్కో అక్షరం ఆలోచించుకుంటూ, రూతమ్మ అని రాశాను.

"రెండు సంతకాలెందుకమ్మా?" అన్నారాయన.

"ఆవిడకు రాయడం రాదండి" అన్నాను. "ఆవిడ తరఫున నేను పెట్టాను."