దుగ్గన డాలు

నేను ఒక తాబేటి చిప్పను. చిప్ప అనగానే అడుక్కునేవాడి చేతిలోది గుర్తొచ్చి ముఖం తిప్పుకోకండి. ఇప్పలమల అడవిలో పదకొండు వానాకాలాలు డాలుగా బతికాను. గొప్పలు చెప్పుకోవడం నాకు అలవాటు లేదు గానీ, నేను చెప్పకపోతే దుగ్గన సంగతి సరిగ్గా చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. చెప్పేవాళ్ళంతా సగమే చూశారు.

మొదట్లో నేను ఒక ముసలావిడకి ఇల్లు. తాబేటవ్వ అనేవారు ఆవిడని. తొంభై ఏళ్ళు నన్ను వీపున మోసింది. అడవి తగలబడుతున్నా సరే, "వస్తన్నా, వస్తన్నా, తొందరేంది?" అంటూ ఒక్కో అడుగే వేసేది. ఆ నిదానమే నాకూ వచ్చింది. అందుకే నేను కథ చెబుతుంటే మధ్యలో తోలకండి. పోయేముందు ఆవిడ చుట్టూ చేరినవాళ్ళతో, "నా చిప్పని మట్టిలో పెట్టమాకండి. అడ్డం పెట్టుకోండి. దాంతో ఎవుర్నీ కొట్టొద్దు," అంది. అంత పెద్ద వీలునామా ఆ అడవిలో ఇంకెవరూ రాయలేదు.

బోడెమ్మ అనే ఏదుపంది నన్ను డాలుగా చేసింది. అడుగుచిప్ప విడదీసి, తన వీపు ముల్లే ఒకటి పీక్కుని, దాన్ని కాల్చి నా అంచున బెజ్జాలు పొడిచింది. మోదుగ నార పేని లోపల చెయ్యి దూర్చడానికి ఉచ్చు కట్టింది. పనంతసేపూ తిడుతూనే ఉంది. రాయి కన్నా గట్టిదాన్నట, మొండిముండనట. మెచ్చుకుంటోందనే అనుకున్నాను.

అడవికి తూర్పున జాలవాగు ఉంది. వాగుకి అవతల గుంపుగా వేటాడే రేసుకుక్కలు, ఇవతల కుందేళ్ళు, ఉడుతలు, ఏదుపందులు, ముంగిసలు. వేసవిలో వాగు మోకాలి లోతుకి వచ్చేసరికి రేసుకుక్కలు రేవు దాటేవి. రేవు నుంచి పైకి రావడానికి రెండు బండల మధ్య ఒకే ఒక్క సందు ఉంది. ఆ సందులో ఒకరు నిలబడి, మిగతా అడవంతా బొరియల్లోకి చేరేదాకా ఆపాలి. ఆ ఒక్కరికోసమే నేను.

నన్ను ఎత్తుకుంటానని ముందుకొచ్చినవాడు దుగ్గన. ముంగిస. బక్కగా, ఒక చెవి సగం తెగి ఉండేవాడు. అతన్ని చూసి, అడవంతా కూడిన కొలువులో నవ్వారు. "డాలు వీణ్ణి మోస్తదా, వీడు డాలుని మోస్తాడా?" అన్నాడొక కుందేలు పెద్ద. నిజం చెప్పొద్దూ, నేనూ నవ్వుకున్నాను. మొదటి వేసవిలో ఆ కుందేలు పెద్దే సందు దగ్గర కాలు జారి పడ్డాడు. రేసుకుక్క పళ్ళు అతని మీద పడబోయి నా మీద పడ్డాయి. దుగ్గన వెనక్కి కూడా చూడకుండా, "నడువు పెద్దయ్యా, నడువు," అన్నాడు. ఆ తర్వాత నేనూ, ఆ పెద్దా అతన్ని చూసి నవ్వడం మానేశాం.

ఇక్కడ మీకు ఇప్పలమల ఆచారం ఒకటి చెప్పాలి. రేవు కాసినవాడు పోయిన మూడోరోజు అతని డాలుని బండ మీద పెడతారు. లింగప్ప అనే ముసలి ఉడుముకి కళ్ళు కనపడవు. ఆయన డాలు మీద ఉన్న గాట్లని ఒక్కొక్కటే గోటితో తడుముతాడు. ఏ గాటు పడ్డప్పుడు దాని వెనక ఎవరు బతికారో వాళ్ళు లేచి, "ఆ గాటు వెనక నేనున్నా" అనాలి. అన్ని గాట్లకూ బతికినవాళ్ళ సాక్ష్యం దొరికితే, అతని పేరు ప్రతి సాయంత్రం కాపలా మారేటప్పుడు పిలిచే వీరుల పేర్లలో చేరుతుంది. ఒక్క గాటుకి ఎవరూ లేవకపోయినా డాలుని పగలగొడతారు, ఆ పేరు మళ్ళీ ఎవరూ ఎత్తరు. ఇక గాటు లోపలివైపు ఉంటే చెప్పనే అక్కర్లేదు. డాలు కింద దూరి, భయంతో లోపల గీరుకుంటూ దాక్కున్నాడని అర్థం. దుగ్గనకి ముందు రేవు కాసినతని డాలు అలాగే పగిలింది. ఆ గాటు ఎలా పడిందని ఒక్కరూ అడగలేదు. అతని పేరు నాకూ తెలియదు. పిలిస్తే కదా తెలిసేది! ఇలాంటి ఆచారాల విషయంలో డాలు ఎన్నడూ ఎత్తనివాళ్ళ గొంతే పెద్దగా ఉంటుందని అప్పుడే గమనించాను.

దుగ్గనతో ఆరేళ్ళు బాగానే గడిచాయి. బాగానే అంటే, నా ముఖమంతా గాట్లే. ఇంటికెళ్ళాక అతని భార్య కొండక్క తడిమట్టితో నన్ను తోమేది. "ఇయ్యాల ఎవురంట?" అని అడిగేది. "బోడెమ్మ చిన్నకూతురు," అనేవాడు. ఆమె ఆ గాటు మీద వేలు పెట్టి, "బతికిందిలే, చాలు," అనేది. నా మీద ఉన్న ప్రతి గాటూ ఆమెకి పేరుతో సహా తెలుసు. వాళ్ళకి ఒక్కడే కొడుకు, చిట్టెన్న. వాడు నన్ను బోర్లించి పైకెక్కి జారేవాడు. నాకు కోపం వచ్చేది కాదు.

ఏడో వేసవిలో రేసుకుక్కలు తెలివి చూపించాయి. సగం గుంపు రేవు దగ్గర అరుస్తూ మమ్మల్ని ఆపింది. మిగతా సగం కొండవైపు నుంచి తిరిగొచ్చింది. మేము సందులో ఉన్నాం. మా వెనక నలభై ప్రాణాలు క్షేమంగా బొరియల్లోకి చేరాయి. ఇంటికి వెళ్ళేసరికి కొండక్క గడపలో కూర్చుని ఉంది. బొరియ తవ్వేసి ఉంది. చిట్టెన్న లేడు.

ఆమె ఏడవలేదు. దుగ్గన చేతికున్న నన్ను చూసి, "అడివంతా నీ వెనకుంది. నా కొడుకొక్కడే లేకపోయాడు," అంది. ఆ రోజు నాకు కొత్త గాటు ఒక్కటీ పడలేదు. అంత బరువుగా నేనెప్పుడూ లేను.

నెల తిరక్కుండానే వానలు పడ్డాయి. జాలవాగు ఒడ్డులు కోసుకుంటూ వచ్చింది. ఒక మధ్యాహ్నం దుగ్గన, కొండక్క రేవు ఎంత మునిగిందో చూడటానికి వెళ్ళారు. వాగు నడిమధ్య ఒక రాయి, దాని మీద రేసుకుక్క కూన. కళ్ళు తెరిచి పది రోజులు కూడా అయ్యుండదు. అవతలి ఒడ్డున దాని తల్లి అటూ ఇటూ తిరుగుతూ కూస్తోంది. దిగితే కొట్టుకుపోతుంది, దిగకపోతే బిడ్డ పోతుంది. నీళ్ళు రాయి అంచుదాకా వచ్చేశాయి.

దుగ్గన చెయ్యి నా ఉచ్చులో బిగుసుకోవడం నాకు తెలిసింది. కొండక్కకీ తెలిసింది.

"వొద్దు," అంది. "దాన్నట్టా పోనియ్యి. దాని తల్లి కూడా సూడాల."

"కూన కదే," అన్నాడు.

"నా వోడు కూన కాదా?"

అతను నన్ను చేతి నుంచి విప్పి, వెల్లకిలా తిప్పి, నీళ్ళలోకి దిగాడు. నేను గిన్నెలా తేలాను. డాలుగా బతికినదాన్ని పడవనయ్యాను. కూనని మెడ పట్టి నాలో పడేస్తే, అది భయంతో వణుకుతూ గోళ్ళతో నా లోపలి గోడని గీరింది. నాలుగు సన్నటి గీతలు. తాబేటవ్వ మెత్తటి ఒళ్ళు ఆనుకున్న చోటు అది. అక్కడ అంతకుముందు ఎవరూ నన్ను నొప్పించలేదు. దుగ్గన నా అంచు ఆసరాగా తేలుతూ, నన్ను ముక్కుతో నెడుతూ అవతలి ఒడ్డుకి చేర్చాడు. తల్లి కోరలు చూపించింది, కానీ మీద పడలేదు. కూనని కరుచుకుని పొదల్లోకి పోయింది. థాంక్స్ లాంటివేమీ లేవు.

మేము తిరిగొచ్చేసరికి ఒడ్డున కొండక్క లేదు. చూసినవాళ్ళు ఇంకెవరూ లేరు.

ఆ రోజు నుంచి ఆమె అతనితో మాట్లాడలేదు. తిండి ముందు పెట్టేది, గాయాలకి ఆకు పసరు పూసేది, నన్ను తోమేది. ఒక్క మాట ఉండేది కాదు. తోమేటప్పుడు నా లోపలివైపు మాత్రం చెయ్యి పెట్టేది కాదు. దుగ్గన మొదట్లో ఏదో ఒకటి చెప్పేవాడు. ఇవాళ ఎండ ఎక్కువుందనో, ఇప్పపూలు రాలాయనో. తర్వాత తనూ మానేశాడు. ఐదు వానాకాలాలు అలా గడిచాయి. ఒక బొరియలో ఇద్దరూ, మధ్యలో నేను. చిప్పని కాబట్టి తట్టుకున్నాను.

పోయిన వేసవిలో దుగ్గన పోయాడు. ఎలా అంటే, బతికినట్టే. సందులో నిలబడి, వెనక చివరి కుందేలు బొరియ దిగేదాకా ఆపి, తర్వాత ఒంటినిండా కాట్లతో కూలాడు. రేసుకుక్కలు వెనక్కి పోయాయి. వాటిలో నాలుగు గీతల కూన పెద్దదై ఉందో లేదో నాకు తెలియదు. ఉంటే ఉండొచ్చు. కొండక్క వచ్చి అతని తల ఒళ్ళో పెట్టుకుంది. అతను కళ్ళు తెరిచి ఆమె ఏమైనా అంటుందేమోనని చూశాడు. ఆమె పెదాలు కదిలాయి. మాట రాలేదు. అలవాటు తప్పిన గొంతు సమయానికి అందలేదు. అతను పోయాడు.

మూడోరోజు పొద్దు వాలే వేళకి నన్ను బండ మీద పెట్టారు. అడవంతా వచ్చింది. లింగప్ప గోరు నా మీద మొదటి గాటుని తడిమింది. కుందేలు పెద్ద కర్ర ఊనుకుని లేచి, "ఆ గాటు యెనక నేనున్నా," అన్నాడు. ఒకప్పుడు నవ్వినవాడు ఇప్పుడు ఏడుస్తున్నాడు. ఆ తర్వాత బోడెమ్మ చిన్నకూతురు లేచింది. ఉడుతల కుటుంబం మొత్తం లేచింది. ముప్ఫై ఒక్క గాట్లకీ సాక్ష్యం పలికింది. నాకు గర్వంగానే ఉంది, భయంగానూ ఉంది. ఎందుకంటే లింగప్ప ఊరుకునే రకం కాదు. ఉడుం పట్టు అని ఊరికే అన్నారా? నన్ను వెల్లకిలా తిప్పాడు.

గోరు నాలుగు గీతల మీద ఆగింది.

"లోపల గాటుంది," అన్నాడు. "యెవురిది?"

ఎవరూ లేవలేదు. ఎలా లేస్తారు? ముందు గుసగుసలు, తర్వాత మాటలు. "డాలు కింద దూరాడా ఏంది?" "దుగ్గనేనా?" "ఎవుడి కడుపులో ఏముందో ఎట్టా తెలుస్తది!" అరగంట క్రితం ఏడ్చినవాళ్ళే. కాపలావాడొకడు నన్ను పగలగొట్టే రాయి తెచ్చి పక్కన పెట్టాడు. పగిలితే పగులుతాను, నాకేం? నూరేళ్ళు దాటి బతికాను. కానీ దుగ్గన పేరు? నోరులేని పుట్టుక ఎందుకు పుట్టానా అని జీవితంలో ఆ ఒక్కసారి ఏడ్చాను.

నిజం తెలిసినది కొండక్క ఒక్కతే. ఆమె నోరు మెదపకపోతే మొగుడు పిరికివాడవుతాడు. నిజం చెబితే, అతన్ని చంపిన జాతి కూననే కాపాడినవాడవుతాడు. ఏది మంచిదో నాకూ తోచలేదు.

ఆమె లేచింది.

"అది రేసుకుక్క కూన గీరింది," అంది. "వాగులో కొట్టుకపోతంటే చిప్పలో ఏసుకుని దాటించాడు. నా కొడుకు పోయిన నెలకి. నేను ఒడ్డునే ఉండా. వొద్దన్నా."

వరసలో వెనకున్న కుందేలు ఇల్లాలొకతి, అంతకుముందు వేసవిలో బిడ్డని పోగొట్టుకున్నది, "అయితే మా పాపని తిన్నది అదేనేమో!" అని కేక పెట్టింది.

"అయుండొచ్చమ్మా," అంది కొండక్క. "కాదని నేను సెప్పలేను."

లింగప్ప గోరు ఇంకా గీతల మీదే ఉంది. "గీత యెనక బతికినోళ్ళే లేవాల కొండక్కా. అది ఆచారం. ఆ కూన ఇక్కడ లేదు."

"రాదు తాతా. వస్తే మీరు బతకనియ్యరు. దాని బదులు నేను నిలబడ్డా. వొద్దనే హక్కు ఈ అడివిలో ఎవురికన్నా ఉంటే నాకే ఉంది. నా బిడ్డని తిన్నారు, నా మొగుణ్ణి తిన్నారు. ఆరోజు వొద్దన్నది నేనే. ఇయ్యాల చెప్తన్నా, ఆ గీత యెనక నేనున్నా."

కుందేలు ఇల్లాలు లేచి వెళ్ళిపోయింది. ఆమె వెనక మరికొందరు. వాళ్ళని నేను తప్పు పట్టను. చివరికి లింగప్ప తడుముకుంటూ వెళ్ళి, నా పక్కనున్న రాయిని తన చేత్తోనే వాగువైపు దొర్లించాడు. "అన్ని గాట్లకీ సాక్ష్యం ఉంది," అన్నాడు.

పొద్దు కుంకింది. కాపలా మారే వేళ. కాపలావాడు బండెక్కి వీరుల పేర్లు పిలవడం మొదలుపెట్టాడు. ఒక్కో పేరుకి ఆ ఇంటివాళ్ళు "ఉన్నాడు" అని బదులిస్తారు. చివర కొత్త పేరు.

"దుగ్గనా!"

సగం ఖాళీ అయిన కొలువులో కొండక్క నన్ను రెండు చేతులా గుండెకి పట్టుకుని ఉంది. ఆమె వేళ్ళు నా లోపలివైపు, ఆ నాలుగు గీతల మీద ఉన్నాయి.

"ఉన్నాడు," అంది. మళ్ళీ అంది. "ఉన్నాడయ్యా. అయిదేళ్ళూ నా పక్కనే ఉన్నాడు. నేనే పలకరించలా."

కాపలావాడు బండ దిగాడు. తర్వాత ఎవరి బొరియలకి వాళ్ళు వెళ్ళారు.