కొసరు మోకు

ఓడలో సామాన్ల లెక్క చూసే పనికి చేరిన రోజున అతని చేతికి వచ్చినవి పదకొండు తాళంచెవులు. ఇరవై రెండేళ్లు గడిచినా అవి పదకొండే. ఒకటి అరిగిపోతే అలాంటిదే చేయించుకున్నాడు గానీ సంఖ్య తప్పనివ్వలేదు. ఆ గుత్తి వేలాడి వేలాడి ఎడమ తుంటి మీద చర్మం కాయ కట్టింది.

ఆ ఉదయం కూడా రోజూలాగే ఓడ అడుగున ఉన్న సామాన్ల గదిలో సబ్బుబిళ్లలు దారంతో రెండుగా కోసి వరుసగా పేరుస్తున్నాడు. మనిషికి వారానికి సగం బిళ్ల. సంతకం లేనిదే మేకు కూడా ఇవ్వడు. ఓడ మునుగుతున్నా సరే, తేలే బెండు చేతికివ్వాలంటే పిసినిగొట్టు తాత సంతకం అడుగుతాడని కుర్రకారు ఎగతాళి.

నేల ఒక్కసారిగా పైకి లేచింది. సబ్బుబిళ్లలు గోడదాకా జారిపోయాయి. ఎక్కడో కింద ఇనుము పొడుగ్గా మూలిగింది. యంత్రాలు ఆగిపోయాయి. ఆ గదిలో అంత నిశ్శబ్దం అతను ఎన్నడూ ఎరగడు.

పైకి వచ్చి చూస్తే పొగమంచు. యుద్ధం మొదలైనప్పటి నుంచి ఒడ్డున దీపస్తంభాలు వెలగడం లేదు. శత్రువు కంట పడకూడదని కెప్టెన్ తీరానికీ ఇసుకమేటకీ మధ్య ఉన్న సన్నదారి పట్టాడు. ఓడ ఆ మేట మీదికే ఎక్కి కూర్చుంది.

"పటం ప్రకారం మన కింద జానెడు నీళ్లుండాలి," అన్నాడు కెప్టెన్. తాత కొడుకంత వయసువాడు. "మధ్యాహ్నం పోటు వస్తుంది. ఈలోపు బరువంతా పారేస్తే లేస్తాం. లేవకపోతే, మంచు విడగానే విమానాలకు మనమే విందు."

బరువంతా అంటే తాత గదులే. పదకొండు తాళాలూ అతనే తీశాడు. పక్కనే వడ్రంగి. వరస కాకపోయినా మావా అని పిలిచే చనువు.

"కొట్టంతా దోచేస్తుంటే నవ్వుతూ నిలబడాలి మావా. ఆడపిల్ల పెళ్లి అనుకో."

"అనుకుంటా. సంతకం ఎవరు పెడతారో చెప్పు."

కెప్టెన్ విన్నాడు. లెక్కల పుస్తకం తెప్పించి, నిలబడే పెట్టాడు సంతకం. "మొత్తానికీ కలిపి ఒకటి. చాలా?"

"చాలు బాబూ."

పీపాలు, గొలుసులు, తుపాకి గుళ్ల పెట్టెలు నీళ్లలో పడుతున్నాయి. తాత కూడా మోశాడు. మోస్తున్నంతసేపూ ఆ జానెడు అనే మాట చెప్పులో రాయిలా గుచ్చుకుంటూనే ఉంది.

ఎందుకంటే, ముందు అరలో పలకల వెనక ఇంకో సరుకుంది. అది అతనొక్కడికే తెలుసు. ప్రతి రేవులోనూ పది తీసుకుని పదకొండోది కొసరడిగేవాడు. విరిగినవి తిరిగి ఇవ్వమంటే పోయాయనేవాడు. సీసపు రేకులు, మరలు, రంగు డబ్బాలు, గొలుసు ముక్కలు. తిన్నది లేదు, అమ్మింది లేదు. లేనిరోజుకు ఉంటుందని, అంతే. "నిన్ను మొయ్యడానికి నలుగురొస్తే చాలదు, ఐదోవాణ్ని కొసరడుగుతావు," అనేది పెళ్లాం.

చెబితే ఇరవై రెండేళ్ల సంతకాలూ అబద్ధమైపోతాయి. చెప్పకపోతే ఆ బరువు అక్కడే ఉంటుంది. మరో పెట్టె పారేసి, చేతులు తుడుచుకుని కెప్టెన్ ముందు నిలబడ్డాడు.

"అయ్యా, పలకల వెనక ఇంకో ఐదు టన్నులుంది. పుస్తకంలో లేదు."

కెప్టెన్ అతని వైపు తిరిగాడు. "ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ. మీ జానెడులో నా వంతు ఎంతుంటుంది?"

కెప్టెన్ మనసులో గుణించుకున్నాడు. "అంగుళం. మనం ఎక్కింది అంగుళం కాదు, మూడడుగులు. మేట జరిగింది. పటం పాతది. మీరు కాదు."

నిజమే అయ్యుండొచ్చు. జాలితో అన్నదీ కావచ్చు. "అంగుళం అంగుళమే కదా బాబూ," అని గొణిగి, పలకలు ఊడదీయడానికి వెళ్లాడు.

పలకల వెనకవన్నీ పోయాక చివర్లో ఒక మోకు చుట్ట మిగిలింది. మణికట్టంత లావు, నూట యాభై బారల పొడవు, నీటి చుక్క తగలనిది. ఇద్దరు దాన్ని ఎత్తబోతుంటే అడ్డుపడ్డాడు.

"అదొక్కటీ ఉంచండి."

"చూశారా, బుద్ధి పోలేదు!" అని నవ్వారు.

"లెక్కలో ఉన్న మోకులన్నీ లోపల చీకిపోయినవే. ఆ సంగతి మీకు తెలీదు, నాకు తెలుసు."

కెప్టెన్ అతని మొహం చూసి, ఉంచమన్నాడు.

పోటు వచ్చింది. ఓడ వణికింది, వెనకభాగం లేచింది. ఇంతలో గాలి తిరిగింది. ఓడ అలలకు అడ్డంగా పడి, నడుం విరిగి, మళ్లీ కూర్చుంది. పడవలు దించితే దించినవి దించినట్టే ముక్కలయ్యాయి. ఈత బాగా వచ్చిన వంటవాడు సన్నతాడు నడుముకు కట్టుకుని ఒడ్డుకు చేరాడు. దాని వెనక మోకును లాగి రాతికి కట్టాడు. దానికి బెండు చక్రం వేలాడదీసి, ఒక్కొక్కరినే లాగారు.

ఓడ వైపు మోకు దగ్గర తాత నిలబడి, ఎక్కేవాడి భుజం తట్టి గట్టిగా లెక్కపెట్టాడు. సబ్బుబిళ్లలు ఇచ్చే గొంతే అది. నూట నాలుగోవాడు వడ్రంగి.

"నువ్వెళ్లు మావా. పొద్దున్నుంచీ మోస్తున్నావు."

"నువ్వు నడు. నాకు అప్పజెప్పే పనుంది."

అతను వెళ్లాక తాత నడుం దగ్గర గుత్తి విప్పి కెప్టెన్ చేతిలో పెట్టాడు. "పదకొండు. చూసుకోండి."

ఓడ కింద విరుగుతుంటే కెప్టెన్ ఒక్కొక్కటే వేలితో జరిపి చూశాడు. "పదకొండే."

"గదులన్నీ ఖాళీ," అన్నాడు తాత. చక్రంలోకి దిగాడు.

సగం దూరంలో పెద్ద అల ఒకటి మోకును కప్పేసింది. ఒడ్డున వడ్రంగి లాగుతూ లాగుతూ ఆగిపోయాడు. చేతులకు బరువు తెలియడం లేదు. చక్రం ఖాళీగా వచ్చింది.

కెప్టెన్ ఒడ్డుకు వచ్చేసరికి చీకటి పడింది. ఎంత వెతికినా తాత దొరకలేదు.

తెల్లవారేసరికి మేట మీద ఓడ లేదు. ఒడ్డుకు చేరినవి నూట ఆరు ప్రాణాలు, గది ఒక్కటీ మిగలని పదకొండు తాళంచెవులు. రాతికి కట్టిన మోకు అలల్లోకి సాగి, ఒక్క పోగూ తెగకుండా ఉంది. అది ఏ పుస్తకంలోనూ లేదు.